బైక్ మీద 24 గంటల్లో 1,609 కిలోమీటర్లు: ఎలా పూర్తి చేయాలి?

ఒక్క రోజులో వెయ్యి మైళ్లు, అంటే 1,609 కిలోమీటర్లు. అమెరికాకు చెందిన ఐరన్ బట్ అసోసియేషన్ ఈ ప్రయాణానికి శాడిల్‌సోర్ 1000 అని పేరు పెట్టింది. 24 గంటల్లో పూర్తిచేసి రుజువులు పంపితే సర్టిఫికెట్ ఇస్తుంది. ఇంతకన్నా పెద్దవి కూడా ఉన్నాయి. బన్‌బర్నర్‌లో 36 గంటల్లో 1,500 మైళ్లు వెళ్లాలి. ఐరన్ బట్ ర్యాలీలో 11 రోజుల్లో 11,000 మైళ్ల దాకా తిరుగుతారు. అన్నిటికీ మొదటి మెట్టు మాత్రం ఈ వెయ్యి మైళ్లే. ఈ దూరం నేను చాలాసార్లు నడిపాను. కొత్తవాళ్లు నెలల తరబడి బండి గురించి ఆలోచించి, నిద్ర గురించి ఒక్క పూట కూడా ఆలోచించకుండా బయలుదేరడం చూసి చూసి విసిగిపోయి ఇది రాస్తున్నాను.

బండి, సామాను

ఏ బండైనా ఫర్వాలేదు, మీ ఒంటికి అలవాటైనదైతే చాలు. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, చైన్, ఇంజిన్ ఆయిల్ వారం ముందే చూపించుకోండి. ముందురోజు మెకానిక్ చెయ్యి పడిన బండితో బయలుదేరకూడదు. ఏది సరిగ్గా బిగించలేదో తెలియాలంటే కనీసం 200 కిలోమీటర్లు తిప్పి చూడాలి. కొత్త సీటు, కొత్త బూట్లు, కొత్త హెల్మెట్ ఆ రోజు మొదలుపెట్టకండి. లోపల కాటన్ వేసుకోవద్దు. చెమటకు తడిసిన కుట్లు ఒరుసుకుని సాయంత్రానికి కూర్చోనివ్వవు. చెవుల్లో ఇయర్ ప్లగ్స్ తప్పనిసరి, గాలి హోరు అలసటను పెంచుతుంది. నీళ్ల సంచి వీపుకు, గొట్టం నోటి దగ్గర ఉండాలి. రాత్రిపూట పాటలు వద్దు.

బయలుదేరే వేళ

తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరాలి, ముందురోజు రాత్రి 8కే పడుకోవాలి. పగలంతా ఆఫీసులో పనిచేసి, భోంచేసి, రాత్రి 9కి బయలుదేరేవాళ్లు ఉన్నారు. ఖాళీ రోడ్లు దొరుకుతాయని వాళ్ల వాదన. రోడ్డు ఖాళీగానే ఉంటుంది, కానీ వాళ్ల ఒంట్లో ఓపిక అప్పటికే సగం అయిపోయి ఉంటుంది.

బంకు దగ్గర

1,609ని 24తో భాగిస్తే గంటకు 67. ఆగిన సమయం కూడా కలిపిన సగటు ఇది. బండి కదిలేటప్పుడు సగటున 80 పడితే 20 గంటలకు పైగా సీటు మీదే పోతుంది. మిగిలేది నాలుగు గంటల లోపే. పెట్రోల్ కోసం ఆరుసార్లు ఆగారనుకుందాం. పది నిమిషాల పనికి ప్రతిసారీ పాతిక నిమిషాలు తీసుకుంటే గంటన్నర పోయినట్టే. దాన్ని వేగంతో రాబట్టాలంటే దారి పొడవునా సగటు 87 ఉండాలి. అంటే ఊళ్లలో, ట్రాఫిక్‌లో తగ్గినదంతా కలిపి ఖాళీ రోడ్డు మీద 110, 120 లాగాలి. అలసిన మనిషి చేయాల్సిన పని కాదది.

అందుకే నా పద్ధతిలో ప్రతి బంకులోనూ వరస ఒకటే: పెట్రోల్, రసీదు, ఓడోమీటర్ ఫోటో, బాత్రూమ్, నీళ్లు, రెండు ముద్దల తిండి, మళ్లీ సీటు. గ్లవ్స్ ఎప్పుడూ ట్యాంక్ బ్యాగ్ మీదే పెట్టాలి. తాళం ఎప్పుడూ ఒకే జేబులో ఉండాలి. రసీదు చేతికి రాగానే అక్కడే నిలబడి తేదీ, సమయం, ఊరి పేరు చదివి, వెనకవైపు ఓడోమీటర్ అంకె రాసుకోండి. ఒకసారి నేను చదవకుండా జేబులో పెట్టుకున్నాను. ఆ బంకు మెషీన్‌లో గడియారం తప్పు. ఆ ఒక్క కాగితం వల్ల నా సమయం రుజువు చేసుకోవడానికి నానా తంటాలు పడ్డాను.

నిద్ర

ఇది మాత్రం నెమ్మదిగా చదవండి.

మన ఒంట్లో గడియారానికి రాత్రి 2 నుంచి ఉదయం 6 దాకా అట్టడుగు సమయం. మధ్యాహ్నం 2, 4 మధ్య ఇంకో చిన్న దిగుడు ఉంటుంది. పట్టుదల ఎంత ఉన్నా ఇది మారదు. డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో నేచర్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుతో సమానమని తేలింది. తెల్లవారుజామున 3కి నిద్రలేచిన మీకు ఆ 17 గంటలు రాత్రి 8కే నిండుతాయి. అప్పటికి ఇంకా 400 కిలోమీటర్లు మిగిలి ఉంటాయి.

ఈ స్థితిలో వచ్చేది కోడికునుకు. కళ్లు తెరిచే ఉండొచ్చు, మెదడు మాత్రం ఆగిపోతుంది. 80 వేగంలో నాలుగు సెకన్లంటే దాదాపు 90 మీటర్లు. కునుకు పట్టిందని కూడా చాలాసార్లు తెలియదు.

నాకు ఒక్కసారి తెలిసింది. రాత్రి 3 దాటింది. ముందు వెళ్తున్న లారీ వెనక రెండు ఎర్రదీపాలు మెల్లగా దగ్గరకు జరిగి ఒకటే దీపంగా కనిపించాయి. కన్ను నలుపుకుందామని హెల్మెట్ అద్దం (వైజర్) ఎత్తాను. చెయ్యి తిరిగి హ్యాండిల్ మీదికి వచ్చేసరికి ముందు చక్రం తెల్లగీత అవతల కంకర మీద ఉంది. ఆ కంకర చప్పుడే నన్ను లేపింది. బండి ఆపి స్టాండ్ వేయబోతే కాళ్లు వణికి రెండుసార్లు తప్పిపోయింది.

అంతకుముందు అరగంటలో నేను పట్టించుకోని గుర్తులు ఇవి: గడిచిన ఐదు కిలోమీటర్లలో ఏం చూశానో గుర్తులేదు. స్పీడ్ 80 నుంచి 65కి, మళ్లీ 85కి దానంతటదే మారుతోంది. చలి లేకపోయినా వణుకు. ఎదుటివాళ్ల లైట్ పడినా డిమ్ కొట్టాలన్న ఆలోచనే రాలేదు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగాలి. ఆవులింతల కోసం ఎదురుచూడకండి.

వైజర్ ఎత్తి నడపడం, గట్టిగా పాడటం, ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడటం, మొహాన నీళ్లు కొట్టుకోవడం అన్నీ నేను చేసి చూశాను. కొద్ది నిమిషాలకు మించి పనిచేయవు. “ఇంకో 30 కిలోమీటర్లలో బంకు ఉంది, అక్కడ పడుకుందాం” అనుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. తెల్లారితే మత్తు పోతుందని బండి లాగించేవాళ్లతో నేను ఎప్పటికీ ఏకీభవించను.

సరైన పద్ధతి ఏమిటంటే, నిద్ర రాకముందే పడుకోవాలి. రాత్రి 10కి 1,300 కిలోమీటర్లు దాటి ఉంటే, మిగిలిన 300 కిలోమీటర్లకు ఆరు గంటలు చేతిలో ఉంటాయి. అందులో రెండు గంటలు నిద్రకే. లైట్లు ఉన్న, మనుషులు మసిలే చోట ఆగండి. రోడ్డు అంచున ఎప్పుడూ వద్దు. తాళం జిప్ జేబులో వేసుకోండి. మధ్యాహ్నం నుంచి కాఫీ ముట్టకుండా ఉండి, ఇప్పుడు ఒక కప్పు గబగబా తాగి వెంటనే పడుకోండి. కాఫీ పనిచేయడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది, లేచే వేళకు అందుకుంటుంది. బండి పక్కన నేల మీదో, బెంచీ మీదో వేసే ఈ కునుకును రైడర్లు ‘ఐరన్ బట్ మోటెల్’ అంటారు. అలారం 25 నిమిషాలకు పెట్టండి. అది చాలకపోతే గంటన్నర పడుకోండి. మధ్యలో లేస్తే మత్తు ఇంకా ఎక్కువవుతుంది. లేచాక పది నిమిషాలు నడిచి, పూర్తిగా తేరుకున్నాకే తాళం తిప్పండి.

కునుకు తీసి బయలుదేరిన గంటలోపే మళ్లీ కళ్లు బరువెక్కితే ఆ రోజు ప్రయత్నం అక్కడితో ఆపేయాలి. గది తీసుకుని పడుకోండి. నేను రెండుసార్లు ఆపేశాను. అందులో ఒకసారి మిగిలింది 140 కిలోమీటర్లే.

చివరి బంకు

మీ సమయాన్ని లెక్కించేది చివరి రసీదుతోనే, కాబట్టి ఫోన్లు, తిండి అన్నీ దాని తర్వాతే. కాగితాలన్నీ ఒక కవర్‌లో వేయండి. గది ఆ బంకుకు ఐదు కిలోమీటర్ల లోపు ఉండేలా ముందే బుక్ చేసుకోవాలి. ఇల్లు అక్కడికి గంట దూరమే అయినా ఆ రాత్రి బండి మళ్లీ స్టార్ట్ చేయకండి. బ్యాగులు విప్పడం, బండి కడగడం మర్నాడు చూసుకోవచ్చు.