నాస్కార్‌ని వెక్కిరించే కాలమ్‌కి జవాబు రాయడం ఎలా

ఫిబ్రవరిలో నాస్కార్ వాళ్ళ పెద్ద రేసు డేటోనా 500 దగ్గరపడగానే, ఏడాది పొడవునా బాస్కెట్‌బాలూ అమెరికన్ ఫుట్‌బాలూ తప్ప ఇంకోటి పట్టని స్పోర్ట్స్ కాలమిస్టులకి హఠాత్తుగా స్టాక్ కార్ రేసింగ్ (చూడ్డానికి మామూలు కార్లలా ఉండే రేసు కార్లతో నాస్కార్ సంస్థ నడిపే పందాలు) గుర్తొస్తుంది. గుండ్రంగా తిరగడం కూడా ఒక ఆటేనా, స్టీరింగ్ పట్టుకు కూర్చున్నవాడు క్రీడాకారుడెలా అవుతాడు, జనం వచ్చేది యాక్సిడెంట్లు చూడ్డానికేగా... ఏటా ఇదే పాట.

నేనుండేది నార్త్ కరోలినాలో, షార్లెట్ పక్కన కాంకర్డ్‌లో. కార్ల రేసులు జరిగే స్పీడ్‌వే మా ఊళ్ళోనే. మే నెలాఖరు ఆదివారం 600 మైళ్ళ రేసు కోకకోలా 600 మొదలైతే, పెరట్లో కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తున్నా ఇంజన్ల మోత వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ బ్యాంకుల్లో పనిచేసే మనవాళ్ళు బోలెడుమంది. అలాంటి కాలమ్ ఒకటి చదివొచ్చి "అక్కా, ఇదెలా చూస్తావు నువ్వు?" అంటారు. వాళ్ళ కోసం, ఆ కాలమిస్టుకే ఉత్తరం రాయాలనుకునేవాళ్ళ కోసం కూడా, నా పద్ధతి చెప్తాను.

ముందు కాలమ్ మొత్తం చదవండి. అందులో ఫలానా రేసు, ఫలానా ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు), ఫలానా డ్రైవర్ అని ఒక్కటైనా ఉందా? లేకపోతే ఆయన రేసు చూడకుండా రాశాడన్నమాట, ధైర్యంగా దిగొచ్చు. ఉంటే మాత్రం కాస్త ఆగండి. ఆయన చెప్పింది నిజమే కావచ్చు.

"ఎడమకి తిరగడమే కదా" అన్న మాటకి చాలామంది వాట్కిన్స్ గ్లెన్, సొనోమా ట్రాకులు, 2023 నుంచి 2025 దాకా జరిగిన షికాగో వీధుల రేసు చూపించి, కుడికీ తిరుగుతారు సార్ అంటారు. అలా అనొద్దు. అంటే ఓవల్‌లో (ఎడమకే తిరిగే కోడిగుడ్డు ఆకారపు ట్రాక్‌లో) ఏమీ లేదని మీరే ఒప్పుకున్నట్టు. మార్టిన్స్‌విల్ గురించి చెప్పండి. అర మైలు కంటే కొంచెం పెద్ద ట్రాక్, పేపర్ క్లిప్ ఆకారం. మలుపుల్లో వాలు 12 డిగ్రీలే. అదే టాలడేగాలో 33. అందుకే టాలడేగాలో కాలు తీయకుండా తిరగొచ్చు, మార్టిన్స్‌విల్‌లో ప్రతి మలుపుకీ బ్రేకు తొక్కి తీరాలి. 500 ల్యాపులంటే వెయ్యిసార్లు. చీకటిపడితే బ్రేకు డిస్కులు ఎర్రగా కాలుతూ కనిపిస్తాయి. ఈలోగా టైర్లు అరుగుతుంటాయి, కారు నడత మారిపోతుంటుంది. వెనక జారుతోందనో, ముందు తిరగట్లేదనో డ్రైవర్ రేడియోలో చెప్తే, టైర్లకీ పెట్రోలుకీ ఆగే తర్వాతి పిట్ స్టాప్‌లో టీముని నడిపే క్రూ చీఫ్ టైర్లలో గాలి అరపౌండో పౌండో మార్పిస్తాడు.

ఇంకా నమ్మకపోతే 2022 అక్టోబరులో అక్కడే రాస్ చాస్టెయిన్ చేసిన పని చెప్పండి. చివరి ల్యాపు. సీజన్ చివరి రేసులో, ఫీనిక్స్‌లో, ఛాంపియన్‌షిప్ కోసం తలపడే నలుగురిలో ఉండాలంటే ఇంకో ఇద్దరిని దాటాలి. మలుపుల్లో మామూలుగా వెళ్తే కుదిరే పని కాదు. అయిదో గేర్ వేసి, యాక్సిలరేటర్ అదిమిపట్టి, కారుని బయటి గోడకి ఆనించేసి వదిలేశాడు. గోడే కారుని తిప్పింది. అయిదు కార్లు దాటాడు. మామూలుగా 20 సెకన్లు పట్టే ల్యాపు 18.845 సెకన్లలో అయిపోయింది. చిన్నప్పుడు వీడియో గేమ్‌లో చేశానని తర్వాత నవ్వుతూ చెప్పాడు. మరుసటి ఏడు ఇలాంటివి కుదరవని నాస్కార్ తేల్చేసింది. టైర్ల పట్టు మీద మాత్రమే ఆధారపడి ఆ మలుపు తిరగాలంటే ఎంత ఓర్పు, ఎంత బ్రేకు కావాలో ఆ సెకను తేడాలో కనిపిస్తుంది. కాలమిస్టు ఎగతాళి చేసేది సరిగ్గా ఆ పనినే.

క్రీడాకారుడంటే ఎవరన్న నిర్వచనాల గొడవలోకి మాత్రం దిగకండి, తెమలదు. కారులో వేడి 50 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, కోకకోలా 600 నాలుగు గంటలకి పైగా సాగుతుంది, మధ్యలో హాఫ్‌టైమ్ లేదు. ఆ మూడు ముక్కలు రాసి పిట్ క్రూ దగ్గరికి వెళ్ళిపోండి. కారు ఆగగానే పిట్ గోడ దూకి పని మొదలెట్టేది అయిదుగురు. నాలుగు టైర్లు, పెట్రోలు, అంతా పది సెకన్ల పని. వాళ్ళలో చాలామంది ఒకప్పుడు కాలేజీ ఫుట్‌బాల్ ఆడినవాళ్ళే. మీ కాలమిస్టు కాలేజీ ఫుట్‌బాల్ రాసేవాడైతే ఇంతకంటే మంచి అస్త్రం దొరకదు.

యాక్సిడెంట్ల మాటకి జవాబిచ్చేటప్పుడు గొంతు తగ్గించండి. ఇక్కడ మనుషులు పోయారు. 2000లో ఆడమ్ పెట్టీ, కెన్నీ ఇర్విన్, టోనీ రోపర్. 2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 చివరి ల్యాపులో డేల్ ఎర్న్‌హార్ట్. ఆ అక్టోబరులోనే తలా మెడా పట్టి ఉంచే హాన్స్ లాంటి పరికరాన్ని తప్పనిసరి చేశారు, తర్వాత గోడలకి దెబ్బని మింగే సేఫర్ బారియర్లు వచ్చాయి. అప్పట్నుంచి నాస్కార్‌లో పై స్థాయి అయిన కప్ సిరీస్ రేసులో డ్రైవర్ ఎవరూ చనిపోలేదు. 2020 డేటోనాలో ర్యాన్ న్యూమన్ కారు పల్టీలు కొట్టినప్పుడు స్టాండ్స్‌లో కేరింతలు లేవు, అందరూ కొయ్యబారిపోయారు. రెండు రోజులకి ఆయన కూతుళ్ళ చెయ్యి పట్టుకుని ఆసుపత్రి నుంచి నడిచొచ్చాడు. అయితే టీవీ ప్రోమోల్లో ఎగిరిపడే కార్లనే పదేపదే చూపించినంత కాలం ఆ మాట పడక తప్పదనుకోండి.

కొన్ని ఫిర్యాదులకి జవాబు రాయకూడదు. డేటోనా, టాలడేగాల్లో పెట్రోలు మిగుల్చుకోడానికి సగం రేసు నెమ్మదిగా తోలుతున్నారన్నది నిజం. 2024లో సగటున 17వ స్థానంలో ముగించిన జోయీ లొగానో ఛాంపియనయ్యాడన్నదీ నిజమే, అప్పటి ప్లేఆఫ్ లెక్కలు అలా ఉండేవి మరి. అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండాని ట్రాకుల్లో నిషేధించడానికి 2020 దాకా ఆగారు. నల్లజాతి డ్రైవర్ వెండెల్ స్కాట్ సంగతి ఇంకా ఘోరం. 1963 డిసెంబరులో జాక్సన్‌విల్‌లో గెలిచినా విజేతగా బక్ బేకర్ పేరు చదివారు. జనం వెళ్ళిపోయాక లెక్క తప్పిందని దిద్దారు. ట్రోఫీ ఆయన కుటుంబానికి అందింది 2021లో, ఆయన పోయిన చాలా ఏళ్ళకి. ఇవన్నీ తవ్వి రాసే విలేకరి కనబడితే మెచ్చుకుంటూ ఉత్తరం రాయండి.

ఇదంతా దక్షిణాది తెల్లవాళ్ళ గోలేగా అని మనవాళ్ళెవరైనా అంటే నరైన్ కార్తికేయన్ పేరు చెప్పండి. 2010లో నాస్కార్ ట్రక్ సిరీస్‌లో (పికప్ ట్రక్కుల రేసుల్లో) తోలాడు, ఆ ఏడు అందులో అభిమానులు ఎన్నుకున్న పాపులర్ డ్రైవర్ మన కోయంబత్తూరు కుర్రాడే.

ఉత్తరం చిన్నదిగా ఉండాలి, ఒక్క రేసు, ఒక్క ల్యాపు చాలు. ఫార్ములా వన్‌తో పోలిక తేవద్దు, అదింకో తగాదా. ఆయన్ని రేసుకి రమ్మని పిలవండి. వస్తే స్కానర్ తప్పకుండా ఇప్పించండి, టీముల రేడియో మాటలు అందులో నేరుగా వినొచ్చు. ముందున్న కారు ఛానెల్ పెట్టొద్దు, అక్కడ పెద్దగా మాటలుండవు. ఇరవయ్యో స్థానంలో ఉన్నవాడిది పెట్టండి.