విదేశంలో ఆందోళనలు మొదలైతే, గడప దాటేముందు

అమలాపురం, రాజోలు వైపు నుంచి చదువుకో పనికో వెళ్లినవాళ్లకి.

ముందు నెట్ సంగతి. 2022 మేలో కోనసీమలోనే ఆపేశారు, 2024 జులైలో బంగ్లాదేశ్ అంతటా ఆగింది. వాట్సాప్ పోతే మామూలు ఫోన్ కాలే దిక్కు: బ్యాలెన్స్ వేయించుకోండి, ఇంటి నంబరు, మన ఎంబసీ నంబరు కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. కార్డు మిషన్లూ మొరాయిస్తాయి కాబట్టి చేతిలో చిన్న నోట్లు, ఇంట్లో వారానికి సరిపడా మందులు, బియ్యం, నీళ్లు తప్పనిసరి.

☐ ఎంబసీలో పేరు నమోదు
☐ గుర్తింపు కార్డు అసలుది, పాస్‌పోర్టు జిరాక్సు
☐ కాంటాక్ట్ లెన్సులు వద్దు, కళ్లజోడే. బాష్పవాయువు తగిలితే రుద్దకండి, నీళ్లతో కడగండి

గుంపు కనిపిస్తే వెనక్కి తిరగండి, వీడియో తీయకండి. కువైట్‌లో ప్రవాసులు ధర్నాలో నిలబడితే దేశం నుంచి పంపించేస్తారు.