కొత్త లెన్స్‌ను పరీక్షించడం ఎలా: ఇంటి గోడ నుంచి బెంగళూరు పూల మార్కెట్ దాకా

కొత్త లెన్స్ కొన్నా, అద్దెకు తెచ్చుకున్నా దాన్ని పరీక్షించడంలో రెండు వేర్వేరు పనులున్నాయి. మీ చేతికి వచ్చిన ఆ ఒక్క లెన్స్‌లో తయారీ లోపమేదైనా ఉందా అని చూడటం మొదటిది. ఆ రకం లెన్స్ మీరు తీసే ఫోటోలకు నప్పుతుందా అని తెలుసుకోవడం రెండోది. ఈ రెంటినీ కలిపేసి, పెట్టె విప్పిన సాయంత్రమే ఏదో ఒక ఫంక్షన్‌కు తీసుకెళ్తే, ఫోటోలు మసకగా వచ్చినప్పుడు తప్పు లెన్స్‌దో, చేతి వణుకుదో, చాలీచాలని వెలుతురుదో తేల్చుకోవడం ఎవరి తరమూ కాదు. మొదటి పని ఇంట్లో గోడ ముందు గంటలో అయిపోతుంది. రెండోదానికి ఊరు తిరగాలి, అందుకు బెంగళూరులో అనువైన చోట్లు ఎన్నో ఉన్నాయి.

ఖరీదైన లెన్స్ అయితే కొనేముందు ఒక వారాంతం అద్దెకు తెచ్చుకుని చూడటమే మంచిదని నా గట్టి అభిప్రాయం. అద్దెకు ఇచ్చేవారు గుర్తింపు కార్డు, కొంత డిపాజిట్ అడుగుతారు. లెన్స్ తీసుకునేటప్పుడే ముందు అద్దం, వెనక అద్దం, మౌంట్ (కెమెరాకు బిగించే భాగం), అంచుల మీది గీతలు అన్నీ ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకుంటే తిరిగి ఇచ్చేటప్పుడు వాదన ఉండదు. పాత లెన్స్ కొంటున్నట్లయితే, వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడాలి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, దాన్ని బేరమాడకుండా వదిలేయండి. నాలుగు దుమ్ము రేణువులకు మాత్రం భయపడనక్కర్లేదు, అవి ఫోటోలో కనిపించవు.

ఇక గోడ పరీక్ష. తెలుగు దినపత్రిక షీట్లు ఐదు తీసుకుని, ఫ్రేములో నాలుగు మూలలకూ మధ్యకూ వచ్చేలా గోడకు అతికించండి. తెలుగు అక్షరం ఈ పనికి ఎంతో అక్కరకొస్తుంది. తలకట్టు, దీర్ఘం, వట్రుసుడి వంటి సన్నని వంపులు విడివిడిగా కనిపిస్తున్నాయా, ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయా అన్నది చూడగానే తెలిసిపోతుంది. కెమెరాను ట్రైపాడ్ మీద, ఫోకల్ లెంగ్త్‌కు (లెన్స్ మీద మి.మీ.లలో రాసి ఉండే అంకెకు) సుమారు 50 రెట్ల దూరంలో, అంటే 50 మి.మీ. లెన్స్‌కు రెండున్నర మీటర్ల దూరంలో నిలపండి. కెమెరా గోడకు సరిగ్గా సమాంతరంగా ఉండటమే ఇందులో అసలు కష్టం. మధ్య షీటు మీద ఒక చిన్న అద్దాన్ని గోడకు ఆనించి పెట్టి వ్యూఫైండర్‌లో (కన్నుపెట్టి చూసే కిటికీలో) చూస్తే, మీ లెన్స్ ప్రతిబింబం ఫ్రేము నట్టనడుమ కనిపించాలి. అలా కనిపించేదాకా ట్రైపాడ్ తలను సర్దుకుని, ఆ తర్వాత అద్దం తీసేయండి.

రా ఫైల్‌లో (కెమెరా మెరుగులు దిద్దని ఫైలులో) తీయండి, కెమెరాలోని లెన్స్ కరెక్షన్లన్నీ ఆపేయండి, స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) కూడా ఆపండి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. మధ్య షీటు మీద ఫోకస్ చేసి, అన్నిటికంటే పెద్ద అపెర్చర్ (లెన్స్‌లో కాంతి పోయే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) నుంచి ఎఫ్/16 దాకా ఒక్కో స్టాప్, అంటే ప్రతిసారీ కాంతి సగమయ్యేలా, తగ్గించుకుంటూ తీయండి. తర్వాత కంప్యూటర్‌లో నూరు శాతానికి పెంచి మూలలు చూడండి. పెద్ద అపెర్చర్‌లో నాలుగు మూలలూ ఒకే తీరుగా మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ డిజైన్ అంతే, ఎఫ్/5.6, ఎఫ్/8 దగ్గరికి వచ్చేసరికి చక్కబడుతుంది. మూడు మూలలు బాగుండి ఒక్క మూల మాత్రమే మసకగా ఉంటే అనుమానించాలి. అప్పుడు కెమెరాను తలకిందులుగా తిప్పి అదే ఫోటో మళ్లీ తీయండి. మసక ఫ్రేములోని అదే మూలలో ఉండిపోతే లోపం లెన్స్‌దే, లోపలి గాజు ఒకటి పక్కకు జరిగి ఉంటుంది. గోడ మీది అదే షీటును అంటిపెట్టుకుని ఉంటే మీ కెమెరా సమాంతరంగా లేదని అర్థం. ఎఫ్/16 దగ్గర ఫ్రేమంతా కాస్త మెత్తబడటం ఏ లెన్స్‌లోనైనా ఉండేదే, సన్నని రంధ్రం గుండా పోయేటప్పుడు కాంతి చెదరడమే దానికి కారణం.

డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వాడేవారు ఇంకొక్కటి చూడాలి. అదే వస్తువును వ్యూఫైండర్‌తో ఒకసారి, లైవ్ వ్యూలో (స్క్రీన్ మీద చూస్తూ) ఒకసారి ఫోకస్ చేసి తీసి పోల్చాలి. లైవ్ వ్యూ ఫోటో ప్రతిసారీ స్పష్టంగా వస్తుంటే, కెమెరా మెనూలో ఆటోఫోకస్ సవరణ ఉందేమో చూసుకోవాలి. మిర్రర్‌లెస్ కెమెరా సెన్సర్ మీదనే ఫోకస్ చేస్తుంది కనుక ఈ బెడద దాదాపు ఉండదు.

గోడ దగ్గర నెగ్గిన లెన్స్‌తో పొద్దున్నే లాల్‌బాగ్‌కు వెళ్లండి. కెమెరాకు విడిగా టికెట్ ఉందేమో గేటు దగ్గరే అడగండి. 1889లో శంకుస్థాపన జరిగిన గాజు భవనం ఇనుప స్తంభాలతో, కమానులతో నిండి ఉంటుంది కనుక, గీతలు వంగుతున్నాయో లేదో చూడటానికి అంతకన్నా మంచి చోటు వెతకనక్కర్లేదు. ఫ్రేము అంచుకు దగ్గరగా ఒక స్తంభాన్ని పెట్టి తీస్తే, అది బయటికి ఉబ్బిందో లోపలికి నొక్కుకుందో వెంటనే తెలుస్తుంది. తర్వాత చెట్ల కొమ్మలను తెల్లని ఆకాశం మీదకు పెట్టి, అపెర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. ఆకుల అంచుల్లో ఊదారంగు పట్టీ ఎంత మందంగా వస్తోందో, ఎఫ్/4కు తగ్గిస్తే ఎంత పోతోందో రాసుకోండి. సూర్యుణ్ణి ఫ్రేము మూలకు తెచ్చి ఫ్లేర్ (ఎదురు వెలుగు లెన్స్‌లో చెదిరి ఫోటోలో పడే మచ్చలు, తెల్లదనం) చూసేటప్పుడు వ్యూఫైండర్‌లో కన్నుపెట్టకుండా స్క్రీన్ మీదే చూసుకోవాలి. కెంపేగౌడ గోపురం ఉన్న రాతి గుట్ట మీదినుంచి టెలిఫోటోతో (దూరపువాటిని దగ్గరగా చూపే లెన్స్‌తో) దూరపు భవనాలు తీయాలంటే ఎండ ముదరకముందే తీయాలి. రాయి వేడెక్కాక పైగాలి అలలు అలలుగా కదిలి, ఎంత మంచి లెన్స్ ఫోటోనైనా మెత్తగా చేసేస్తుంది.

లెన్స్ స్వభావం నిజంగా బయటపడేది కె.ఆర్. మార్కెట్ పూల అంగళ్ల మధ్య. వెలుతురు తక్కువ, మనుషులు ఎక్కువ, రంగులు ముదురు, దూరం ఒకటిన్నర మీటర్లకు మించదు. క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా మీద 50 మి.మీ. లెన్స్ సుమారు 75 మి.మీ. అంత ఇరుకు చూపునిస్తుంది కనుక, రెండడుగులు వెనక్కి వేయడానికి చోటు లేనిచోట అది మీకు సరిపోతుందా, 35 మి.మీ. కావాలా అన్నది ఇక్కడే తేలుతుంది. అదే కెమెరాలో ఎఫ్/1.8 దగ్గర ఒకటిన్నర మీటర్ల దూరానికి ఫోకస్‌లో ఉండే లోతు ఆరేడు సెంటీమీటర్లే. మల్లెలు కడుతున్న ఆమె వేళ్ల మీద ఫోకస్ పెడితే ముఖం మసకబారుతుంది, ముఖం మీద పెడితే దారం ముడి పోతుంది. ఎఫ్/4కు తగ్గిస్తే ఆ లోతు 14 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, కానీ షట్టర్ వేగం 1/250 సెకను వస్తున్న చోట 1/50కి పడిపోతుంది, చకచకా కదిలే వేళ్లు ఆ వేగానికి అందవు. కాబట్టి ఐఎస్ఓను (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయిని) 800 నుంచి 4000కు పెంచాలి, దాంతో ఫోటోలో గరుకు పెరుగుతుంది. లోతు, వేగం, నునుపు అనే ఈ మూడింటిలో దేన్ని వదులుకోవడానికి మీరు సిద్ధపడుతున్నారో, ఎక్కువ డబ్బు పెట్టి ఎఫ్/1.4 కొనడం మీకు అవసరమో కాదో, ఇలాంటి చోట తీసిన ఫోటోలే చెప్పగలవు. సమీక్షలోని గ్రాఫ్ ఆ మాట చెప్పలేదు.

మనుషులను తీసేముందు అడగండి. “అక్కా, ఒక్క ఫోటో తీసుకోనా?” అంటే అర్థమయ్యేవాళ్లు ఆ మార్కెట్లో ఉన్నారు, లేదంటే “అక్కా, ఒందు ఫోటో తెగీబహుదా?” అని కన్నడంలో అడిగితే సరి. బేరం జరుగుతున్నప్పుడు అడ్డు నిలబడకండి, కాదంటే కెమెరా దించేయండి. పరీక్ష మీది, వ్యాపారం వాళ్లది.

రాత్రి పరీక్షకు మేడ మీద ట్రైపాడ్ చాలు. దూరపు దీపాలు ఫ్రేము మూలల్లో చుక్కల్లా ఉన్నాయా, రెక్కలు విప్పిన పిట్టల్లా సాగుతున్నాయా చూడండి. నక్షత్రాలు తీసే ఆలోచన లేకపోతే ఈ లోపాన్ని పెద్దగా పట్టించుకోవద్దు.

తీసిన ఫోటోలను నూరు శాతానికి పెంచి చూడటంతో ఆపకుండా, మీరు మామూలుగా చూసే పరిమాణంలోనూ చూడండి. గోడ పరీక్షలో ఒక మూల మసక తేలితే, తిరిగి ఇచ్చే గడువు దాటకముందే రెండు ఫోటోల రా ఫైళ్లు, అంటే మామూలుగా తీసినదీ తలకిందులుగా తీసినదీ, బిల్లుతో పాటు దుకాణానికి పట్టుకెళ్లండి. లోపం లేకుండా కేవలం మీకు నప్పలేదంటే మార్చుకోవడం కష్టం కనుక, లెన్స్‌ను ఉంచుకోవాలని తేల్చుకునేదాకా పెట్టె, అట్టలు, వారంటీ కార్డు పారేయకండి. ఉంచుకున్న లెన్స్‌ను వానాకాలంలో బ్యాగులో వదిలేయకుండా, సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా భద్రపరచండి.