గుర్రం దగ్గరికి వెళ్లే ముందు

ముందు చెవులు చూడండి. అటూ ఇటూ తిరుగుతుంటే చుట్టూ వింటోందన్నమాట. వెనక్కి వాలి మెడకు అతుక్కుపోయాయంటే కోపంగా ఉంది, ఆ పూటకు వదిలేయండి.

వెనక నుంచి వెళ్లొద్దు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో దానికి దాదాపు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది. కనిపించనిది సరిగ్గా తోక వెనక, నుదుటి ముందు. అందుకే ముఖం మీదికి చెయ్యి చాపినా ఉలిక్కిపడుతుంది. నెమ్మదిగా పలకరిస్తూ భుజం వైపు నుంచి వెళ్లి, మెడ నిమరండి.

తాడు చేతికి చుట్టుకోవద్దు. బెదిరి లాగిందంటే వేళ్లు దక్కవు.

ఏదైనా పెట్టాలంటే యజమానిని అడగాల్సిందే. గుర్రం వాంతి చేసుకోలేదు, పడనిది తింటే కడుపునొప్పితో ప్రాణం మీదికొస్తుంది. సరేనంటే అరచెయ్యి బల్లపరుపుగా చాపి, బొటనవేలు పక్కకు ఆనించి పెట్టండి. మెత్తటి పెదవులు అరచేతిని తడుముతుంటే చక్కిలిగింతలు పుడతాయి, చటుక్కున చెయ్యి లాక్కోకండి.

చెప్పులు వద్దు, గట్టి బూట్లు వేసుకోండి. (ఒకసారి కాలు తొక్కించుకున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.)

బండి మీద వెళ్తుంటే గుర్రం ఎదురైందా? వేగం బాగా తగ్గించండి, హారన్ కొట్టకండి, కనీసం 2 మీటర్ల ఎడం ఇచ్చి దాటండి.