హనుమకొండ నుంచి కార్టూన్ గ్యాలరీకి: ఎట్లా వెళ్లాలి, ఏం చూడాలి

రాత్రి రైలెక్కి పొద్దున దిగి, కార్టూన్లు చూసుకుని మళ్లీ రాత్రి రైలుకే తిరిగి రావాలంటే వరంగల్ వాళ్లకు బెంగళూరు వీలుగా ఉంటుంది. ఎం.జి. రోడ్డు పక్క సందులో మిడ్‌ఫోర్డ్ హౌస్ అనే భవనంలో ఇండియన్ కార్టూన్ గ్యాలరీ ఉంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కార్టూనిస్ట్స్ వాళ్లు 2007లో తెరిచారు. సాలార్‌జంగ్‌లోలాగా పొద్దంతా నడిచే పని లేదు. చిన్నది. గబగబా నడిస్తే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. చిక్కంతా అక్కడే. రెండు రాత్రులు రైల్లో ఒళ్లు హూనం చేసుకుని వెళ్లినవాళ్లు “ఇంతేనా?” అంటూ బయటికొస్తారు. ఆ ఇరవై నిమిషాలను రెండున్నర గంటలు చేసుకోవడం ఎట్లాగో చూద్దాం.

రోజు, రైలు

ఆదివారం సెలవు కదా అని ఆదివారానికి పెట్టుకోకండి, ఆ రోజు గ్యాలరీ మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో పది నుంచి ఆరు దాకా తెరుస్తారు. పిల్లలతో వెళ్లేవాళ్లకు రెండో శనివారం బాగుంటుంది. శుక్రవారం మధ్యాహ్నం కాజీపేటలో బయల్దేరి, సికింద్రాబాద్‌లో దిగి, కాచిగూడలో బెంగళూరు రైలెక్కాలి. శనివారం రాత్రి తిరుగు రైలెక్కితే ఆదివారం ఇల్లు చేరతారు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లే అయినా ఆ రైలు ఆలస్యమైతే అసలు రైలు పోతుంది. సికింద్రాబాద్‌లో దిగే టైముకీ కాచిగూడలో ఎక్కే టైముకీ నడుమ మూడు గంటలు ఉండేలా చూసుకోండి. శుక్రవారం సాయంత్రం ఆటో ఎంత నెమ్మదిగా పోతుందో ఎక్కాక గాని తెలియదు.

రైలు కె.ఎస్.ఆర్. బెంగళూరుకు పోతే అక్కడి నుంచి మెట్రో పర్పుల్ లైన్‌లో నేరుగా ట్రినిటీ స్టేషన్. యశ్వంతపూర్‌లో దిగితే గ్రీన్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో మారాలి. ట్రినిటీలో దిగాక నడిచే దూరమే.

టికెట్లు బుక్ చేసేముందు గ్యాలరీకి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. ఆ తేదీన గోడల మీద ఎవరి బొమ్మలు ఉంటాయి? అవి చేత్తో గీసిన అసలు బొమ్మలా, ప్రింట్లా? ఫొటో తీసుకోనిస్తారా? ఇలాంటి చిన్న గ్యాలరీల్లో ప్రదర్శనలు మారుతూ ఉంటాయి. ఒకటి దించి ఇంకొకటి ఎక్కించే రోజున వెళ్తే మేకులు తప్ప ఏమీ కనిపించవు. రెండో ప్రశ్న ఎందుకంటే, ఇప్పుడు చాలామంది ట్యాబ్లెట్ మీదే గీస్తున్నారు, ఆ బొమ్మలకు కాగితం మీద అసలు అంటూ ఉండదు. ప్రింట్లే అయితే ప్రయాణం ఇంకో నెలకు వాయిదా వేసుకోవచ్చు.

వెళ్లేముందు ఒక పూట చేర్యాలకు

ఇది తప్పనిసరి కాదు. కానీ బొమ్మల కథ చదవడం పిల్లలకు నేర్పాలంటే ఇంతకంటే మంచి బడి లేదు. జనగామ నుంచి సిద్దిపేట పోయే దారిలో చేర్యాల తగులుతుంది. గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి బట్టకు పూత వేసి, ఆరాక నకాషీలనే అక్కడి చిత్రకారులు దాని మీద పటం గీస్తారు. పైనుంచి కిందికి గడులు, గడికీ గడికీ నడుమ పూల అంచు, వెనకంతా ఎరుపు. కథకులు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ కథ చెప్పేవాళ్లు. దేవతలకు నీలమో పసుపో, రాక్షసులకు ముదురు రంగు, మనుషులకు ఒంటిరంగు. ఎవరు ఎవరో దూరం నుంచే తెలుస్తుంది. కార్టూనిస్టు నాయకుడికి ముక్కో కళ్లజోడో తగిలించేదీ ఇందుకే. కింది గడిని గుడ్డతో కప్పి, “తర్వాత ఏమైతది?” అని పిల్లల్ని అడగండి.

సంచిలో

పెన్సిల్, చిన్న నోట్‌బుక్, చత్వారం కళ్లజోడు, ఒక భూతద్దం, నల్ల చున్నీ. పెన్ను వద్దు, సిరా మరక పడితే పోదు. దారిలోకి సర్వపిండి కట్టుకోండి గాని తిన్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. నూనె వేలు అద్దం మీద పడితే మీ వెనకవాళ్లు చూసేది మీ వేలిముద్రే.

గోడ ముందు

మొదటి చుట్టు పావుగంట. ఆగకుండా నడవండి, నవ్వు వచ్చిన చోట నవ్వండి, కాళ్లు ఆగిన బొమ్మల నంబర్లు రాసుకోండి. రెండో చుట్టులో వాటిలో ఎనిమిదో పదో మాత్రమే చూడండి, ఒక్కోదానికి పది నిమిషాలు. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూసినట్టుండదు.

గదిలో వెలుతురు తక్కువగా ఉంటే విసుక్కోకండి. కాగితం పసుపెక్కకుండా, రంగు వెలిసిపోకుండా మ్యూజియంలు ఇలాంటి బొమ్మల దగ్గర సుమారు 50 లక్స్ (వెలుతురును కొలిచే కొలత) వెలుతురే ఉంచుతాయి. ఫ్లాష్ వద్దనేదీ ఇందుకే. అద్దంలో మీ మొహమే కనిపిస్తుంటే అరడుగు పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి. ఫొటోకి అనుమతి ఉంటే, ఇంకొకరు ఎదురుగా నల్ల చున్నీ పట్టుకుంటే మెరుపు పోతుంది.

ఇక అసలు బొమ్మకు దగ్గరగా, జానెడు దూరానికి రండి. మొదట తెలిసేది సైజు. పత్రికలో అగ్గిపెట్టంత వచ్చిన బొమ్మ ఇక్కడ దానికి రెండింతలు ఉండొచ్చు. పెద్దగా గీసి కుదిస్తే చేతి వణుకు కూడా కుదించుకుపోతుంది. తర్వాత నల్ల గీత చూడండి. సన్నగా మొదలై ఉబ్బి మళ్లీ సన్నబడితే అది కుంచె. గీత నడుమ రెండుగా చీలి రైలు పట్టాల్లా కనిపిస్తే పాళీ. నొక్కినప్పుడు పాళీ నాలుకలు విడిపోయి, నడుమ సిరా అయిపోయిందన్నమాట. భూతద్దంతో చూస్తే తెల్ల రంగు పూసి దిద్దిన చోట్లు చిన్న గుట్టల్లా లేచి ఉంటాయి. బొమ్మ మొత్తానికీ అక్కడే ఎక్కువసేపు నిలబడాలి. కార్టూనిస్టు మనసు మార్చుకున్న చోటు అదే. ఎక్కువగా చేతివేళ్ల దగ్గరో, కనుబొమ్మ దగ్గరో ఉంటుంది.

పాత బొమ్మల్లో లేత నీలం పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. చెరపడం మర్చిపోయారనుకోకండి. ప్రెస్సులో వాడే ఫిల్ముకు లేత నీలం తెల్లగానే కనిపిస్తుంది, కాబట్టి అచ్చులోకి రాదు. అదే ఎర్ర పెన్సిల్ అయితే నల్లగా పడుతుంది. అంచుల్లో “2 కాలమ్” లాంటి రాతలు, బాణం గుర్తులు ఉంటే అవి సబ్-ఎడిటర్ ప్రెస్సుకు చెప్పిన మాటలు. ఫ్రేమ్ కట్టేటప్పుడు కొందరు వాటిని మౌంటు, అంటే బొమ్మ చుట్టూ పెట్టే అట్ట, కింద దాచేస్తారు, అది మంచి పని కాదు.

రాజకీయ కార్టూన్‌కు తేదీ ముఖ్యం. 1975లో కార్టూనిస్టు అబూ అబ్రహం గీసిన బొమ్మలో రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చుని ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి బయటికి అందిస్తుంటాడు. ఎమర్జెన్సీ తెలియని పిల్లలకు అది తొట్టి బొమ్మే. అందుకే ముందు తేదీ చదవండి, ఆ ఏడు ఏం జరిగిందో రెండు ముక్కలు చెప్పండి, ఆ తర్వాతే బొమ్మ చూపించండి.

మాటల కార్టూన్ దగ్గర దీనికి ఉల్టా: క్యాప్షన్‌ను నోట్‌బుక్‌తో మూసి ముందు బొమ్మ చూడాలి, నోట్‌బుక్ అద్దానికి ఆనకుండా. కొన్ని కన్నడంలో ఉంటాయి. తలకట్టు వేరుగా ఉంటుంది గాని అక్షరాలు మనవాటికి దగ్గరే, నిదానంగా చదివితే చాలావరకు కూడబలుక్కోవచ్చు. అర్థం కాకపోతే అక్కడివాళ్లని అడగండి, జోకు విప్పి చెప్పడానికి సాధారణంగా ఎవరూ విసుక్కోరు.

చివరి అరగంట ఒక్క బొమ్మను నోట్‌బుక్‌లో దించండి. పోలిక రాకపోయినా ఫరవాలేదు. మీరు ఇరవై గీతలు గీసిన కుర్చీని వాళ్లు నాలుగు గీతల్లో ముగించారని చెయ్యికి తెలుస్తుంది.

ప్రింట్లు కొంటే చుట్టకండి, రైల్లో నలిగి మడత పడతాయి. ఇంటి నుంచే రెండు అట్టలు, ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చుకుని నడుమ పెట్టి నాలుగు వైపులా టేపు వేయండి. పై బర్త్‌లో తల వైపు, గోడకు ఆనించి పెట్టండి. సీటు కింద పెడితే తెల్లారేసరికి దాని మీద ఎవరిదో సూట్‌కేసు ఉంటుంది.