డీబగ్ ప్రింట్లు తీసేసి బోర్డు పంపుతున్నారా? కాస్త ఆగండి

పోయిన వారం ఒక మోటార్ కంట్రోలర్ బోర్డు మా బెంచ్ మీద 72 గంటలు నిక్షేపంగా నడిచింది. పంపేముందు రాత్రి డీబగ్ ప్రింట్లన్నీ (లోపలేం జరుగుతోందో తెలియడానికి కోడ్ బయటికి పంపే లైన్లు) తీసేశారు. సైట్‌లో పావుగంటకే వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఇరుక్కుపోతే బోర్డుని మళ్లీ మొదలెట్టే టైమర్) రీసెట్. వెనక్కి తెప్పించి ప్రింట్లు పెడితే మళ్లీ బుద్ధిగా నడుస్తోంది! ఆ ప్రింట్లు ఒక టాస్క్‌ని (ప్రాసెసర్ వంతులవారీగా నడిపే పనుల్లో ఒకదాన్ని) ఆలస్యం చేయబట్టే ఇన్నాళ్లూ రెండు టాస్క్‌లు ఢీకొనలేదు.

కొలిచే టూల్ కూడా టైమ్ తింటుంది. ఎంతోమంది మునిగేది ఇక్కడే. సీరియల్ లైనులో 115200 బాడ్ (సెకనుకి అన్ని బిట్లు) వేగంలో ఒక్కో అక్షరానికి పది బిట్లు, అంటే దాదాపు 87 మైక్రోసెకన్లు. 40 అక్షరాల లైను పూర్తిగా పోయేదాకా ప్రింట్‌ఎఫ్ (ప్రింట్ చేసే ఫంక్షన్) ఆగితే మూడున్నర మిల్లీసెకన్లు. మోటార్‌ని అదుపుచేసే కంట్రోల్ లూప్ చూస్తే ఒక మిల్లీసెకనుకోసారి తిరగాల్సింది!

కిరాణా కొట్టువాడు నూనె పోసేముందు ఖాళీ డబ్బా తూస్తాడు కదా, అలాగే ముందు టూల్‌ని తూచండి. రెండు ట్రేస్ కాల్స్ (ఏది ఎప్పుడు జరిగిందో టైమ్‌తో సహా రాసిపెట్టేవి) పక్కపక్కన పెట్టండి, మధ్యలో ఏమీ వద్దు. వచ్చిన తేడాయే డబ్బా బరువు. ఒక జీపీఐఓ పిన్ (కోడ్‌తో ఆన్, ఆఫ్ చేయగల పిన్) ఆడించి ఆసిలోస్కోప్‌లోనూ సరిచూడండి.

లినక్స్ వాళ్లకూ తప్పదు. లినక్స్‌ని టైమ్‌కి కచ్చితంగా స్పందించేలా చేసే ప్రీఎంప్ట్ ఆర్‌టీ 2024లో 6.12 కెర్నల్‌తో మెయిన్‌లైన్‌లోకి (అధికారిక లినక్స్‌లోకి) వచ్చాక చాలామంది సైక్లిక్‌టెస్ట్ (స్పందన ఎంత ఆలస్యమవుతోందో కొలిచే ప్రోగ్రామ్) అంకె చూసి మురిసిపోతున్నారు. అది నడుస్తున్నంతసేపూ మామూలుగా ప్రాసెసర్‌ని గాఢనిద్రలోకి పోనివ్వదు. మీ అప్లికేషన్ కూడా అలా ఆపుతోందా? లేకపోతే ఆ అంకె మీది కాదు.

1997లో నాసా నౌక మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద రీసెట్ అవుతుంటే, భూమ్మీది నమూనాలో ట్రేస్ పెట్టి అదే తప్పు రప్పించారు. ప్రయారిటీ ఇన్వర్షన్ (ముఖ్యమైన టాస్క్ తక్కువ ముఖ్యమైనదాని కోసం ఆగిపోవడం) అని తేలింది. ట్రేస్ కోడ్ తీసేయకుండానే వాళ్లు నౌకని పంపారు. టెస్ట్ చేసిందే ఎగరాలన్నది వాళ్ల పద్ధతి.

ఐఎస్ఆర్ (ఇంటరప్ట్ రాగానే నడిచే కోడ్) లోపల ప్రింట్ వద్దు.

ట్రేస్ బఫర్ (నమోదులు దాచే మెమరీ) ముందే కేటాయించండి, మాలాక్ (నడుస్తుండగా మెమరీ అడగడం) వద్దు. నిండిపోతే ఎన్ని ఈవెంట్లు జారిపోయాయో లెక్కపెట్టే కౌంటర్ పెట్టండి. జారిపోయేవి సరిగ్గా రద్దీ సమయంలోవే.

ఆలస్యం సగటు నాకు చూపించకండి. గరిష్ఠం చూపించండి.

ఖాళీగా కూర్చున్న బోర్డు మీద కొలవకండి. నెట్‌వర్క్ ట్రాఫిక్ నడపండి, ఫ్లాష్ మెమరీలోకి రాయించండి, అప్పుడు కొలవండి.

కార్టెక్స్ ఎం ప్రాసెసర్లలో క్లాక్ టిక్కులు లెక్కపెట్టే సైకిల్ కౌంటర్ 32 బిట్లే. 168 మెగాహెర్ట్జ్‌లో దాదాపు 25.6 సెకన్లకోసారి తిరిగి సున్నాకొస్తుంది. చిన్నదైన కార్టెక్స్ ఎం0లో అయితే అది లేనేలేదు.

డీబగ్గర్ (కోడ్‌ని ఆపి పరీక్షించడానికి బోర్డుకి తగిలించే పరికరం) పీకేసి చూడండి. అది తగిలించి ఉన్నప్పుడు నడిచిన సైకిల్ కౌంటర్, పీకేసి బోర్డుని మళ్లీ ఆన్ చేస్తే సున్నా దగ్గరే ఉండిపోయిందంటే, దాన్ని నడిపించే ట్రేస్ ఎనేబుల్ బిట్ మీ కోడ్ సెట్ చేయలేదన్నమాట.

ట్రేస్ హుక్ (ట్రేస్ రాసే కోడ్) ఏ టాస్క్‌లో నడిస్తే ఆ టాస్క్ స్టాకే (దానికి కేటాయించిన మెమరీ) తింటుంది. పెంచండి.

మళ్లీ చెప్తున్నా, టూల్ టైమ్ తింటుంది. తీసేస్తే ఆ టైమ్ వేరే టాస్క్‌కి పోతుంది. ప్రింట్లు తీశారా? బోర్డు కొత్తదే అనుకోండి. మళ్లీ 72 గంటలు. డెలివరీ శుక్రవారమా? సోమవారం పంపండి.