పాల ప్యాకెట్ డబ్బులో ఎవరి వాటా ఎంత: లెక్క కట్టే పద్ధతి

తార్నాకలో నాది చిన్న కిరాణా కొట్టు. తెల్లవారుజామున నేను పాల ట్రేలు దించుకునే వేళకే భువనగిరి దగ్గర మా ఊళ్లో అన్నయ్య క్యాను పట్టుకుని పాల కేంద్రానికి బయలుదేరుతాడు. అందుకే కొట్టు ముందు ఒకరు "రైతుకు యాభై, మాకు అరవై, మధ్యలో పదే కదా" అన్నా, మరొకరు "అంతా డెయిరీలే తింటున్నాయి" అన్నా నాకు రెండు లెక్కలూ తప్పే అనిపిస్తాయి. అన్నయ్య అమ్మేది వెన్న, అంటే పాలలోని కొవ్వు. మీరు కొనేది లీటరు. ముందు ఈ రెండింటినీ ఒకే కొలతలోకి తేవాలి.

పాల కేంద్రం రైతుకిచ్చే చీటీతో మొదలుపెట్టండి. గేదె పాలకు ఎక్కువగా కిలో వెన్నకు ఇంత అని రేటు కడతారు. వెన్న 6.5 శాతం, కిలో వెన్న రేటు 760 రూపాయలు అనుకుందాం. లీటరు పాలు 1.03 కిలోలు తూగుతాయి కాబట్టి అందులో వెన్న 67 గ్రాములు, ధర 51 రూపాయలు. ఆ 1.03ను వదిలేస్తే లీటరుకు రూపాయిన్నర తేడా వస్తుంది. మొదట్లో నేనూ వదిలేసి, కేంద్రం వాళ్లు ఎక్కువ ఇచ్చారని సంబరపడ్డాను.

ఇప్పుడు ప్యాకెట్ తిప్పి చూడండి. ఫుల్ క్రీమ్‌లో వెన్న కనీసం 6 శాతం ఉండాలి. లీటరుకు 62 గ్రాములు, అన్నయ్య రేటులో 47 రూపాయలు. ప్యాకెట్ ధర లీటరుకు 74 అయితే రైతు వాటా 63, 64 శాతం. ఇది సులువు.

చిక్కంతా టోన్డ్ పాలతోనే. అందులో వెన్న 3 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న కాని ఘనపదార్థం, 8.5 శాతం. అన్నయ్య లీటరులోని వెన్న రెండు లీటర్ల టోన్డ్ పాలకు సరిపోతుంది. ఎస్‌ఎన్‌ఎఫ్ మాత్రం సరిపోదు: ఉన్నది (9 శాతం లెక్కన) 93 గ్రాములు, రెండు లీటర్లకు కావలసింది 175. ఆ లోటును వెన్న తీసిన పాలపొడితో, నీళ్లతో పూడుస్తారు. ఇది కల్తీ కాదు, చట్టం ఒప్పుకున్న పద్ధతే. పొడిలో కాస్త తేమ ఉంటుంది కనుక 82 గ్రాముల లోటుకు 85 గ్రాముల పొడి కావాలి. పొడి కిలో 250 రూపాయలైతే దానికి 21. మొత్తం 72 రూపాయల ముడిసరుకుతో రెండు లీటర్లు, అంటే లీటరుకు 36. ప్యాకెట్ ధర లీటరుకు 60 అయితే ముడిసరుకు వాటా 60 శాతం. పొడి ధరలో ఎండబెట్టిన ఖర్చు కూడా ఉంటుంది కనుక రైతు వాటా ఇంకా కొంచెం తగ్గుతుంది. అమూల్ తన అమ్మకాల్లో రూపాయికి 80 పైసల దాకా రైతుకే చేరుతుందని చెబుతుంది. మీ ప్యాకెట్ దానికి ఎంత దూరంలో ఉందో ఇలా కొలుచుకోవచ్చు.

మిగిలిన 24 రూపాయలూ లాభం అనుకోకండి. కేంద్రం కమీషన్, చల్లబరిచే ఖర్చు, ట్యాంకరు, పాశ్చరైజేషన్, ప్లాస్టిక్ కవరు, ఏజెంటు, అన్నీ అందులోనే. నాకు దక్కేది అర లీటరు ప్యాకెట్‌కు ఒక రూపాయి చొప్పున. ట్రేలో ఒక్క ప్యాకెట్ చిల్లి పడితే ముప్పై ప్యాకెట్ల కష్టం మురికి కాలువలో పోయినట్టే. ఫ్రిజ్ ఖర్చంటూ ముద్రించిన ధర మీద రూపాయి అడిగే కొట్లున్నాయి. అది చట్టవిరుద్ధం, ఇవ్వకండి.

డెయిరీ నికర లాభం తెలియాలంటే షేర్ మార్కెట్లో ఉన్న సంస్థల వార్షిక నివేదికలు చూడాలి. హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయాలున్న హెరిటేజ్, దొడ్ల రెండూ వాటిని ప్రచురిస్తాయి. ముడిసరుకు ఖర్చును మొత్తం ఆదాయంతో భాగించండి, ఆ తర్వాతే లాభం వరుస చదవండి. సహకార డెయిరీలో మిగులు పాలు పోసినవారికి బోనస్‌గా రావచ్చు. ప్రైవేటులో అది వాటాదారులది.

అన్నయ్యకు వచ్చే 51లో లాభమెంత? తవుడు, పత్తిచెక్క, పచ్చిగడ్డి, పశువైద్యం తీసేయండి. ఆయన, వదిన చేసే చాకిరీకి కూలి కట్టండి, ఎవరూ కట్టరు. ఈ లెక్క నెలకు కాదు, గేదె ఈనినప్పటి నుంచి మళ్లీ ఈనేదాకా వేయాలి. వట్టిపోయిన గేదె చీటీలో కనిపించదు, దాణా మాత్రం రోజూ తింటుంది.